మిరప మనది, కొలత ఎవరిది?

ఎగుమతి నిబంధనలు అద్దంకి రైతు కళ్లం దాకా ఎలా వస్తున్నాయి? వాటి ముందు మన చేతిలో ఏముంది?

అద్దంకి, బల్లికురవ, సంతమాగులూరు వైపు నుంచి గుంటూరు యార్డుకు వెళ్లే మిర్చి లారీలో ఏ టిక్కీ చివరికి ఏ దేశం చేరుతుందో ఎక్కించేటప్పుడు ఎవరికీ తెలియదు. కొంత ఇక్కడి కారం మిల్లుకు పోతుంది. కొంత చైనాకో, బంగ్లాదేశ్‌కో, థాయ్‌లాండ్‌కో ఓడెక్కుతుంది. ఇంకొంత మిర్చి నూనె తీసే ఫ్యాక్టరీకి వెళ్లి, అక్కడి నుంచి ఐరోపా, అమెరికా చేరుతుంది. ఒక్కో గమ్యానికి ఒక్కో నియమం. ఆ నియమాలు రాసినవారు మీ పొలం చూడలేదు, మీకు ఉత్తరమూ రాయలేదు. అయినా అవి మీ దాకా వస్తాయి. నోటీసుగా రావు, ధరగా వస్తాయి. "ఇది ఎగుమతికి నిలబడే సరుకు కాదు" అనే ఒక్క మాటతో క్వింటాలుకు కోత పడుతుంది.

ఆ మాట నిజమో, బేరం కోసం అన్నదో మీరు తేల్చుకోవాలంటే నియమాలు ఎవరు పెడుతున్నారో, ఎలా పనిచేస్తున్నాయో తెలిసి ఉండాలి.

నియమం పెట్టేది నలుగురు

మొదటివారు, కొనే దేశాల ప్రభుత్వాలు. తమ ప్రజలు తినే సరుకులో పురుగుమందు ఎంత మిగిలి ఉండవచ్చో, బూజు విషం ఎంత ఉండవచ్చో ఆ దేశమే చట్టం చేసుకుంటుంది. మన మీద దానికి అధికారం లేదు. కానీ తన ఓడరేవు తలుపు మీద ఉంది. చైనా 2022 జనవరి 1 నుంచి తనకు ఆహార పదార్థాలు పంపే విదేశీ ఫ్యాక్టరీలన్నీ తన కస్టమ్స్ శాఖ వద్ద నమోదై ఉండాలని నియమం పెట్టింది. 2014 మే చివరలో సౌదీ అరేబియా పురుగుమందు అవశేషాల కారణంగా మన పచ్చిమిర్చి దిగుమతినే ఆపేసింది.

రెండోవారు, అంతర్జాతీయ సంస్థలు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో కోడెక్స్ కమిషన్‌ను ఏర్పాటు చేశాయి. ఆహార పదార్థాలకు ఉమ్మడి ప్రమాణాలు రాయడం దాని పని. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక ఆ ప్రమాణాలకు బలం పెరిగింది. ఏ దేశమైనా కోడెక్స్ కంటే కఠినంగా నియమం పెడితే దానికి శాస్త్రీయ కారణం చూపాలి. సుగంధ ద్రవ్యాల మీద కోడెక్స్ కమిటీ 2013లో ఏర్పడింది. దానికి ఆతిథ్యం ఇస్తున్నది మన దేశమే. ఎండుమిర్చికి కోడెక్స్ ప్రమాణం 2022లో వచ్చింది.

మూడోవారు, మన ప్రభుత్వం. ఏ మందు ఏ పంటకు వాడవచ్చో 1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్ర సంస్థ నిర్ణయిస్తుంది. ఇక్కడ తినే ఆహారానికి హద్దులు పెట్టేది భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ. ఎగుమతి అయ్యే మిర్చిని చూసేది స్పైసెస్ బోర్డు. గుంటూరులో దానికి పరీక్షశాల ఉంది. యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది.

నాలుగోవారు, ప్రైవేటు సంస్థలు. వీరికి చట్టం అక్కరలేదు, కొనుగోలు ఒప్పందం చాలు. యార్డులో తరచూ వినిపించే "ఆస్టా కలర్" మాటే తీసుకోండి. ఆస్టా అంటే అమెరికా సుగంధ ద్రవ్యాల వ్యాపారుల సంఘం. 1907లో పెట్టుకున్నారు. అది ప్రభుత్వ శాఖ కాదు, మన ప్రభుత్వానికీ దానికీ సంబంధం లేదు. అయినా మిరపకాయ ఎరుపును దాని అంకెతోనే కొలుస్తున్నారు. ఎరుపు ఎక్కువున్న రకానికి ఒక ధర, ఘాటు ఎక్కువున్న తేజకు ఒక ధర పలకడం వెనుక ఈ కొలతలున్నాయి. సముద్రం అవతలి వ్యాపారుల సంఘం రాసుకున్న కొలత మన యార్డులో బేరానికి ఆధారమైంది. సరిహద్దులు దాటే నియంత్రణ అంటే ఇదే.

ఒక్క గ్రాము లెక్క

ఐరోపా సమాఖ్యలో ఒక పంటకు, ఒక మందుకు ప్రత్యేకంగా హద్దు పెట్టకపోతే, దానంతట అదే కిలోకు 0.01 మిల్లీగ్రాము అనే హద్దు వర్తిస్తుంది. అంటే వంద టన్నులకు ఒక్క గ్రాము. 40 కిలోల టిక్కీలుగా లెక్కేస్తే 2,500 టిక్కీల్లో అంతా కలిపి ఒక గ్రాము మందు.

మన దేశంలో, ఇక్కడ నమోదు కాని మందులకు సుగంధ ద్రవ్యాల విషయంలో ఆ హద్దును 2024 ఏప్రిల్‌లో 0.1 మిల్లీగ్రాముగా మార్చారు. ఐరోపా హద్దుకు ఇది పదింతలు. అందుకే ఇక్కడ చట్టప్రకారం సరైన సరుకు అక్కడ తిరస్కరణకు గురికావచ్చు. రెండు ల్యాబులూ అబద్ధం చెప్పడం లేదు. కొలబద్దలే వేరు.

బూజు విషం ఆఫ్లటాక్సిన్ సంగతి ఇంకా సున్నితం. మిర్చిలో దాని బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా తీసుకోదు. మన దేశంలో అన్నీ కలిపి 30 దాకా అనుమతి ఉంది. 5 మైక్రోగ్రాములంటే 5,000 టిక్కీల్లో ఒక్క గ్రాము. ఈ విషం కారణంగానే మన ఎండుమిర్చి ఐరోపా రేవుల్లో అదనపు తనిఖీల జాబితాకెక్కింది. ఆ జాబితాను వాళ్లు ఏడాదికి రెండుసార్లు తిరగరాస్తారు. తనిఖీ శాతం పెరిగితే ఎగుమతిదారు ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు కిందికి దిగుతుంది.

ఇంకో మాట. నాలుగైదు కిలోల పండుకాయ ఎండితే కిలో ఎండుమిర్చి వస్తుంది. కొంత మందు ఎండకు విరిగిపోయినా, మిగిలింది చిక్కబడుతుంది. చివరి కోతల దగ్గర కొట్టిన మందు ఎందుకు ప్రమాదమో దీనితోనే అర్థమవుతుంది.

ఒకరి కల్తీ, అందరికీ పరీక్ష

2003లో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్-1 అనే పారిశ్రామిక రంగు బయటపడింది. తినే పదార్థంలో అది ఉండకూడదు. వెంటనే ఐరోపా సమాఖ్య, సుడాన్ లేదని పత్రం లేకుండా మిర్చి సరుకు రానివ్వబోమంది. అదే ఏడాది స్పైసెస్ బోర్డు ఎగుమతి మిర్చికి పరీక్ష తప్పనిసరి చేసింది. అయినా అంతకుముందు వెళ్లిన కారం ఒక సాస్‌లో కలిసి, ఆ సాస్ మరెన్నో తినుబండారాల్లో కలిసి, 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో 400కు పైగా సరుకులను దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది.

రంగు కలిపింది రైతు కాదు. పరీక్ష మాత్రం ఆ తర్వాత వెళ్లిన నిజాయితీ సరుకు మీద కూడా పడింది. 2024 ఏప్రిల్‌లోనూ అంతే. మన మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని హాంకాంగ్, సింగపూర్ అభ్యంతరం చెప్పాయి. అది పొలంలో కొట్టే మందు కాదు, సూక్ష్మజీవులను చంపడానికి ఫ్యాక్టరీలో వాడే వాయువు. మే నెలకల్లా ఆ రెండు చోట్లకు వెళ్లే సుగంధ ద్రవ్యాలకు స్పైసెస్ బోర్డు తప్పనిసరి పరీక్ష పెట్టింది.

కాబట్టి ఎవరైనా "మీ మందుల వల్లే ఎగుమతులు ఆగాయి" అంటే ఏ దేశం, ఏ రసాయనం అని అడగండి. తప్పు ఎక్కడ జరిగిందో రసాయనం పేరే చెబుతుంది. సుడాన్ అయితే మిల్లులో కల్తీ. ఇథిలీన్ ఆక్సైడ్ అయితే ఫ్యాక్టరీ. ఆఫ్లటాక్సిన్ అయితే కళ్లం నుంచి గోదాము దాకా ఎక్కడైనా కావచ్చు. పురుగుమందు అవశేషం అయితేనే చూపు పొలం వైపు తిరగాలి.

పత్తికి వేరే దారి

పత్తి తినే సరుకు కాదు కాబట్టి దూదికి ఈ అవశేష హద్దులు వర్తించవు. అక్కడ ప్రైవేటు నియమాలదే పైచేయి. 2009లో ఏర్పడిన బెటర్ కాటన్ వంటి సంస్థలు నీరు, మందులు, కూలీల హక్కుల మీద షరతులు పెట్టి, వాటిని పాటించిన పత్తికి ముద్ర ఇస్తాయి. పెద్ద బట్టల కంపెనీలు ఆ ముద్ర అడుగుతాయి. సేంద్రియ బట్టలకు గాట్స్ అనే ప్రమాణం ఉంది.

ముద్ర కాగితం మీద ఉంటుంది కాబట్టి కాగితానికే కల్తీ పట్టవచ్చు. 2020లో గాట్స్ సంస్థ మన దేశంలో నకిలీ పత్రాలతో 20,000 టన్నుల పత్తిని సేంద్రియమని చూపించినట్టు బయటపెట్టి, 11 కంపెనీలను నిషేధించింది. అలాంటి మోసంతో నిజంగా మందు లేకుండా పండించిన రైతు మాటకు కూడా విలువ తగ్గుతుంది. ఏదైనా కంపెనీ లేదా సంస్థ మిమ్మల్ని ఇలాంటి పథకంలో చేర్చితే, మీ పేరు మీద ఎన్ని ఎకరాలు, ఎన్ని క్వింటాళ్లు రాశారో అడిగి చూసుకోండి. పండని పంటకు మీ పేరు వాడనివ్వకండి.

భారం ఎవరి మీద పడుతోంది?

నియమం వెనుక ప్రజల ఆరోగ్యం ఉంది. అది కొట్టిపారేసే విషయం కాదు. ఆ మందు ముందు తగిలేది పిచికారీ చేసే మన ఒంటికే. మన కూలీలు, మన పిల్లలు కూడా ఆ గాలే పీలుస్తున్నారు. ట్రైజోఫాస్, ఫోరేట్ 2020 చివరి నుంచి మన దేశంలోనే నిషేధం. విదేశాలు చెప్పినా చెప్పకపోయినా అవి పొలంలోకి రాకూడదు.

అయితే మూడు విషయాల్లో రైతుకు న్యాయం జరగడం లేదు.

ఒకటి, పైన చెప్పిన 0.01 హద్దు ప్రతిసారీ "ఇంత దాటితే విషం" అని తేల్చి పెట్టింది కాదు. చాలాసార్లు "ఈ పంట మీద ఈ మందు వివరాలు ఎవరూ ఇవ్వలేదు" అని పెట్టిన హద్దు. పొలాల్లో ప్రయోగాలు చేసి లెక్కలు సమర్పిస్తే దిగుమతి సరుకుకు వేరే హద్దు అడిగే వీలుంది. ఆ లెక్కలకు బోలెడు ఖర్చవుతుంది. పాత మందులకు ఆ ఖర్చు పెట్టడం కంపెనీలకు గిట్టుబాటు కాదు. ఒక్క రైతు చేయగలిగేది కాదు.

రెండు, నియమం మారే వేగానికి పొలం మారలేదు. క్లోర్‌పైరిఫాస్‌ను ఐరోపా 2020లో ఆపేసి, ఆ ఏడాది చివరికల్లా హద్దును కొలవగలిగినంత అడుగుకు దించింది. తేనెటీగలను కాపాడాలన్న కారణంతో క్లోథియానిడిన్, థయామిథాక్సామ్ హద్దులను కూడా అలాగే దించుతూ 2023లో చట్టం చేసింది. అది 2026 మార్చి 7 నుంచి వర్తిస్తుంది. రసం పీల్చే పురుగులకు థయామిథాక్సామ్ మనకు ఎంత అలవాటైన మందో మీకు తెలుసు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని పూత దశలోనే మాడ్చినప్పుడు రైతు ఏది దొరికితే అది కొట్టాడు. ఆ ఆపద నియమం రాసేవారి లెక్కలోకి రాదు.

మూడు, అన్నిటికంటే ముఖ్యమైనది. యార్డులో సరుకు కలిసిపోతుంది. జాగ్రత్తగా పండించిన మీ టిక్కీలు, చివరి వారం మందు కొట్టిన మరొకరి టిక్కీలు ఒకే రాశిలో పడతాయి. ఏది ఏదో తెలియనప్పుడు కొనేవాడు అందరికీ అనుమానం ధరే కడతాడు. అంటే తప్పు జరిగితే నష్టం మీ దాకా దిగుతుంది, జాగ్రత్త పడితే లాభం మీ దాకా రాదు. ధర బాగున్న ఏడాది ఇది పెద్దగా కనిపించదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది కొనేవాడికి ఎంచుకునే వీలు ఎక్కువ. వివరం లేని సరుకే ముందు పక్కన పడుతుంది.

అందుకే ఈ విషయంలో రైతు చేయాల్సిన మొదటి పని తన సరుకుకు చిరునామా ఉండేలా చూసుకోవడం.

ఈ పంటకే మీరు చేయగలిగినవి

1. మందు కొనేటప్పుడు లేబుల్ మీద మిరప పేరు ఉందో లేదో చూడండి. పత్తికి రాసిన మందు మిరపకు వాడకండి. బిల్లు తప్పకుండా తీసుకుని దాచండి.

2. లేబుల్ మీద "కోతకు ముందు ఆగాల్సిన రోజులు" అని ఉంటుంది. మిరపలో కోతలు వరసగా వస్తాయి కాబట్టి ఇదే ఎక్కువగా తప్పుతుంది. ముందు కోత తేదీ అనుకుని, తర్వాతే మందు ఎంచుకోండి. కోత అయిన వెంటనే కొడితే తర్వాతి కోతకు గడువు దొరుకుతుంది.

3. "బయో" అని, "టానిక్" అని రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా అమ్మే సీసాలకు దూరంగా ఉండండి. లేబుల్ మీద లేని రసాయనం అందులో కలిసి ఉంటే ల్యాబులో దొరికేది మీ కాయలోనే.

4. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టకండి. ఎన్ని మందులు కలిపితే అన్ని అవశేషాలు. తామర పురుగుకు నీలం రంగు జిగురు అట్టలు, గట్ల వెంట జొన్న లేదా మొక్కజొన్న వరసలు, లాం పరిశోధన స్థానం ఇచ్చే సిఫార్సులు ముందుగా వాడండి.

5. ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, మందు పేరు, మోతాదు, ఏ చెక్కలో కొట్టారు, ఏ తేదీన కోశారు. ఈ ఐదు వివరాలు చాలు. మీ సరుకు చిరునామా ఇదే.

6. కాయను మట్టి నేల మీద కాకుండా పట్టాల మీద గాని, సిమెంటు కళ్లంలో గాని ఎండబెట్టండి. రాత్రి మంచు పడకుండా కప్పండి. తేమ 10-11 శాతం మించకూడదు.

7. తొక్కేటప్పుడు కాయ విరగకుండా ఉండాలని, తూకం వస్తుందని నీళ్లు చల్లే అలవాటు మానండి. ఆఫ్లటాక్సిన్ బూజుకు ఆ నీళ్లే ప్రాణం. తూకంలో వచ్చిన రెండు కిలోలకు ఆశపడితే మొత్తం రాశికే చేటు.

8. తాలుకాయ, మచ్చకాయ వేరు చేయండి. బూజు ఎక్కువగా ఉండేది వాటిలోనే. నిల్వ ఉంచిన టిక్కీల మీద పురుగుమందు పొడి చల్లకండి. కోల్డ్ స్టోరేజీలో పెడితే కోతల వారీగా గుర్తు రాసి వేరుగా పెట్టించండి.

పదిమంది కలిస్తేనే అయ్యేవి

పరీక్ష ఫీజు ఒక్క రైతుకు భారం. ఒకే ఊరిలో ఒకే పద్ధతిలో పండించిన పది పదిహేను మంది, రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరుతో ఒకే రాశిగా నమూనా తీయించి పరీక్ష చేయిస్తే టిక్కీకి పడే ఖర్చు తగ్గుతుంది. ఫీజు ఎంత, నమూనా ఎలా తీయాలి అనేది గుంటూరు స్పైసెస్ బోర్డు పరీక్షశాలలో ముందుగా అడిగి వెళ్లండి. చేతిలో నివేదిక ఉంటే బేరం "అనుమానం" దగ్గర మొదలు కాదు.

కంపెనీతో ముందే ఒప్పందం చేసుకుంటే మూడు మాటలు కాగితం మీద రాయించండి. వాడకూడని మందుల జాబితా నారు పోయకముందే ఇవ్వాలి. నమూనాను మీ ఎదుట తీసి, సీలు వేసి, ఒక భాగం మీ దగ్గర ఉంచాలి. తిరస్కరిస్తే ల్యాబు నివేదిక నకలు ఇవ్వాలి. "ఫెయిలైంది" అని నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి. ఏ రసాయనం, ఎంత, ఏ దేశం హద్దు ప్రకారం అనే మూడు అంకెలు అడగండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. ఏ దేశమైనా కొత్త హద్దు పెట్టేముందు ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేసి, అభ్యంతరాలకు మామూలుగా 60 రోజులు గడువు ఇస్తుంది. ఆ కబురు తెలుగులో, పంట పేరుతో, రైతు సేవా కేంద్రాల దాకా రావాలి. ఐరోపా ఏ మందు హద్దు దించుతోందో నారు పోసే నాటికే తెలిస్తే రైతు మందు మార్చుకుంటాడు. కాయ ఎండిన తర్వాత తెలిస్తే ఏమీ చేయలేడు. అలాగే మిరపకు అవసరమైన మందులపై పొలం ప్రయోగాల లెక్కలు తయారుచేసి కోడెక్స్‌కు, కొనే దేశాలకు సమర్పించే పని స్పైసెస్ బోర్డు, విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. సుగంధ ద్రవ్యాల కోడెక్స్ కమిటీకి ఆతిథ్యం ఇచ్చే దేశంగా మన మాట వినిపించుకునే చోటు మనకుంది. ఆ మాటలో మిరప రైతు గొంతు కూడా ఉండాలి.

ఎక్కడో రాసిన నియమాన్ని ఒక్క రైతు మార్చలేడు. కానీ దాని పేరు చెప్పి ఎవరు పడితే వారు ధర కోయకుండా ఆపగలడు. అందుకు కావలసినవి మందు బిల్లు, పిచికారీ పుస్తకం, ఎండిన కాయ, పరీక్ష నివేదిక. వచ్చే పిచికారీ రోజునే పుస్తకం మొదలుపెట్టండి.